బిళ్ళ ఊడిపోయిన సైకిలు ఎవరు చేసింది?

ప్రశ్న: మాస్టారూ, రేపల్లె దగ్గర మా తాతయ్యగారి పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద ఆయన సైకిలు ఫ్రేము దొరికింది. చక్రాలు లేవు, సీటు లేదు. ఫోర్కు, హ్యాండిలు, పెడళ్ళ దగ్గరి పెద్ద పళ్ళచక్రం మాత్రం ఉన్నాయి. ముందు గొట్టం మీద కంపెనీ బిళ్ళ ఊడిపోయి రెండు చిన్న బెజ్జాలు మిగిలాయి. పళ్ళచక్రంలో బి.ఎస్.ఎ. అని ఇంగ్లీషు అక్షరాలు కోసి ఉన్నాయి కాబట్టి అది బి.ఎస్.ఎ. సైకిలేనని పెద్ద మామయ్య అంటాడు. ‘కాదు, నాన్న దాన్ని రాలీ అనేవాడు’ అంటుంది అమ్మ. తాతయ్య 1947లో ప్రైమరీ స్కూలు మాస్టరుగా చేరిన కొత్తలో కొన్నారన్న సంగతి మాత్రం ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు. బాగు చేయిద్దామని తెనాలిలో ఒక మెకానిక్‌కి ఇచ్చాను. కొత్త బీబీ కప్పులు (పెడళ్ళ ఇరుసుకి రెండు వైపులా బిగించేవి) రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతున్నాయి. ‘ట్యాపు వేసి కొత్త మరలు కోసేద్దాం, పాత పెయింటు మొత్తం గీకించేద్దాం’ అంటున్నాడు. సరే అనమంటారా? అసలిది ఎవరు చేసిన సైకిలు? ఫొటోలు పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరం చివరిదాకా చదవకముందే మీకు ఫోన్ చేశాను. ట్యాపు వేయించవద్దని చెప్పడానికే. ఆ కప్పులు ఎందుకు పట్టడం లేదన్న దాంట్లోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. ట్యాపు వేసి ఉంటే ఆ సగం ఇనప రజనులో కలిసి నేలపాలయ్యేది. మీరు వెంటనే మెకానిక్‌తో మాట్లాడి ఆపించారు. చాలా సంతోషించాను.

ముందు మీ మామయ్యగారి మాట చూద్దాం. ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉంది. పళ్ళచక్రం మీద పేరు ఉంటే సైకిలు కూడా వాళ్ళదే అనుకోవడం సహజం. నేను ఆ మాటను ఎందుకు ఒప్పుకోలేనో చెప్పాలంటే మా నాన్న షాపు సంగతి కొంచెం చెప్పాలి.

బాపట్ల స్టేషను దగ్గర మా నాన్నకు అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. ఇరవై రెండు సైకిళ్ళు. వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నెంబర్లు. గంటకింతని అద్దె. రాత్రి షాపు కట్టేసేముందు, తెల్లారే బండి బయటికి వెళ్ళాలి కాబట్టి, ఏ సైకిలుకి ఏది పోతే పక్క సైకిలుది విప్పి బిగించేవాళ్ళం. ఏడో నెంబరు హ్యాండిలు పన్నెండుకి, పన్నెండు ఫోర్కు పందొమ్మిదికి. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆ షాపులో కొన్ననాటి సామానుతో మిగిలిన సైకిలు ఒక్కటీ లేదు. ముఖ్యంగా క్రాంకులు, అంటే పెడళ్ళను మోసే కడ్డీలు. క్రాంకును ఇరుసుకి బిగించే కాటర్‌పిన్ను వదులైనా అలాగే తొక్కుతూ పోతే క్రాంకులో పిన్ను బెజ్జం అరిగి కోలగా అవుతుంది. ఆ తర్వాత ఎన్ని కొత్త పిన్నులు కొట్టినా పెడలు టక్కుటక్కుమంటూనే ఉంటుంది. అప్పుడు క్రాంకు మార్చాలి. కుడివైపు క్రాంకు, పళ్ళచక్రం కలిసే వస్తాయి కాబట్టి పళ్ళచక్రం కూడా మారిపోతుంది. చుట్టూ నాలుగైదు ఊళ్ళలో ఆ రోజు ఏ కంపెనీది దొరికితే అదే వేస్తారు. తాతయ్యగారు దాని మీద రోజూ స్కూలుకి వెళ్ళి ఉంటే, పాతికేళ్ళలో ఒకసారైనా ఆ క్రాంకు మారి ఉంటుంది.

బి.ఎస్.ఎ. విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అది 1861లో బర్మింగ్‌హామ్ తుపాకుల పనివాళ్ళు కలిసి పెట్టుకున్న కంపెనీ. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుండే దాని గుర్తు అందుకే వచ్చింది. వాళ్ళు సైకిళ్ళు చేయడమే కాదు, హబ్బులు, క్రాంకులు, బీబీ సామాను, ఫ్రేము లగ్గులు విడిగా ఇతర తయారీదారులకు అమ్మేవారు. ఇంగ్లండులో ఎన్నో చిన్న షాపులు బి.ఎస్.ఎ. సామాను కొని, సొంతంగా ఫ్రేము అతికించి, తమ పేరుతో బిళ్ళ కొట్టి అమ్ముకున్నాయి. అంటే తుపాకుల గుర్తు ఉన్న సైకిలు కూడా బి.ఎస్.ఎ. ఫ్యాక్టరీలో తయారైందని చెప్పలేం. ఏ సామాను మీద ఉన్న పేరు ఆ సామాను చేసినవాడిదే. పాత సైకిలు ఫొటో ఎవరు పంపినా నేను మొదట రాసే మాట ఇదే.

మరి ఫ్రేము చేసినవాడి పేరు ఎక్కడ వెతకాలి? విప్పడానికి, మార్చడానికి వీల్లేనిచోట. గొట్టాలు కలిసేచోట తొడుగుల్లా ఉండే లగ్గులు, వాటిలో ఇత్తడి కరిగించి అతికించిన తీరు, ఫోర్కు కాళ్ళు కలిసే మెడ, పెడళ్ళ ఇరుసు కూర్చునే బీబీ షెల్లు, దాని లోపలి మరలు, ఫ్రేములోకి కొట్టిన నెంబరు. ఫోర్కు మాత్రం గుద్దుకున్నప్పుడు మారుతుంది కాబట్టి దాని సాక్ష్యం ఒక్కటీ చాలదు. మిగతావి ఫ్రేము పుట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

మీ సైకిలులో ముందుగా మాట్లాడింది మరలే. కుడివైపు కప్పు మామూలుగా కాకుండా ఎడమకు తిప్పితే బిగుస్తుంది. మీ మెకానిక్ ఆ దిక్కు సరిగ్గానే తిప్పానన్నాడు. ఎడమవైపు కప్పు కూడా రెండు చుట్లకే ఆగిపోయింది. దిక్కు తప్పు కాదు, తుప్పు కూడా కాదు. అలాంటప్పుడు మరల లెక్కలో తేడా ఉందన్నమాట. మనకు షాపుల్లో దొరికే కప్పులకు అంగుళానికి 24 మర చుట్లు ఉంటాయి. ఇంగ్లండులో చాలామంది తయారీదారులు వాడిన లెక్క అదే. రాలీ మాత్రం తన సామాను చాలావరకు తానే చేసుకునేది. తన షెల్లులో అంగుళానికి 26 చుట్లు కోసేది. వ్యాసం దాదాపు ఒకటే కావడంతో 24 కప్పు 26 షెల్లులోకి మొదట దూరుతుంది. ఒకటి రెండు చుట్లు తిరిగాక మర మీద మర ఎక్కి ఆగిపోతుంది. పొడుగు రెంచి పెట్టి బలంగా తిప్పితే రెండిటి మరలూ చెడతాయి.

అందుకే మిమ్మల్ని ఫోన్లో ఒకటే అడిగాను: పాత కప్పులు పారేశారా? మీరు కిరోసిన్ డబ్బాలో వేసి ఉంచామన్నారు. తెనాలిలో లేత్ షాపుకి తీసుకెళ్ళి, మర చుట్లు కొలిచే పిచ్ గేజితో చూపించమన్నాను. గేజి లేకపోతే అర అంగుళం మేర పళ్ళు లెక్కపెట్టమన్నాను. 12 వస్తే మామూలు మర, 13 వస్తే రాలీ మర. సాయంత్రం మీరు ఫోన్ చేసి “పదమూడండీ” అన్నప్పుడు నాకెంత ఆనందమైందో చెప్పలేను. అమ్మగారి మాట నిలబడింది.

షెల్లు వెడల్పు కూడా మీరు కొలిచి 71 మిల్లీమీటర్లని చెప్పారు. మామూలు ఇంగ్లీషు షెల్లు 68. రాలీవి 71, 76 కొలతల్లో వచ్చేవి. ఇది రెండో సాక్ష్యం.

మూడోది ఫోర్కు. మీ ఫొటో పెద్దది చేసి చూశాను. ఫోర్కు కాళ్ళు పైన గుండ్రంగా ముగిసి, రెండు చిన్న గిన్నెలు బోర్లించినట్టు కనిపిస్తున్నాయి. నికెలో క్రోమో, ఆ మెరుపు మసిలోంచి కొంచెం తెలుస్తోంది. గొట్టపు మెడ, దాని మీద ఈ టోపీలు రాలీ రోడ్‌స్టర్ల పద్ధతి. నెంబరు సీటు జాయింటు మీద కొట్టి ఉంది. రాలీ చాలా ఏళ్ళు నెంబరు అక్కడే కొట్టింది. ఫోర్కు ఒక్కటే చూపించి ఉంటే అనుమానించేవాణ్ణి. ఇన్ని ఒకే దిక్కు చూపిస్తుంటే అనుమానానికి చోటు లేదు.

అయితే ఇక్కడ ఇంకో మెట్టు ఉంది. ‘రాలీ ఫ్యాక్టరీ ఫ్రేము’ అంటే బిళ్ళ మీద తప్పకుండా రాలీ పేరే ఉండి ఉంటుందని కాదు. 1880ల చివర్లో నాటింగ్‌హామ్‌లో రాలీ స్ట్రీట్ అనే వీధిలోని చిన్న షాపు పెరిగి ఆ కంపెనీ అయింది, వీధి పేరే కంపెనీకి వచ్చింది. తర్వాత అది పోటీదారులను ఒక్కొక్కరినే కొనేసింది. 1932లో హంబర్ సైకిళ్ళు, 1943లో రడ్జ్, 1957లో బి.ఎస్.ఎ. సైకిళ్ళు దాని చేతికి వచ్చాయి. అందుకని ఆ ఏళ్ళ తర్వాతి హంబర్‌లో, రడ్జ్‌లో రాలీ మరలే కనబడితే ఆశ్చర్యం లేదు. హంబర్ మేలురకం సైకిలుకి ఫోర్కు ఒక్కో కాలు రెండేసి సన్న గొట్టాలతో ఉంటుంది. జంట కాళ్ళ ఫోర్కు ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోరు. మీది అది కాదు.

అసలు పళ్ళచక్రం పోకుండా ఉంటే మన పని ఎంతో తేలికయ్యేది. రాలీ పళ్ళచక్రంలో కొంగ తలలు కోసి ఉంటాయి. దాని బిళ్ళ మీదా కొంగ తలే. హంబర్ చక్రంలో చుట్టూ చిన్న మనిషి బొమ్మలు. రడ్జ్‌కి మధ్యలో తెరిచిన అరచెయ్యి. చిన్నప్పుడు మా షాపులో రడ్జ్ చక్రం ఒకటి మేకుకు వేలాడేది. ఆ చేతిలో నా చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి. అటక మీద, గొడ్ల చావడిలో, బావి దగ్గర మరోసారి వెతకండి. ఇంట్లో పాత పళ్ళచక్రాన్ని దేనికో వాడి ఉంటారు. దేవుడి గదిలో దీపపు కుందికి అడుగున పెట్టినది కూడా నేను చూశాను.

ఇక మిగిలింది బిళ్ళ బెజ్జాలు. అవి నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయా, అడ్డంగా ఉన్నాయా చూసి, మధ్య దూరం మిల్లీమీటర్లలో రాసి పంపండి. నా దగ్గర రాలీ, హంబర్, రడ్జ్ బిళ్ళలు ఉన్నాయి. ఫ్రేములోని బెజ్జాలతో వాటి బెజ్జాలు సరిపోతాయేమో చూస్తాను. ఇంకో పని చేయండి. ఆ గొట్టం మీద పగటి ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుని ఫొటో తీయండి. బిళ్ళ ఏళ్ళ తరబడి ఉన్నచోట పెయింటు రంగు మారకుండా ఉంటుంది. బిళ్ళ అంచు ఆకారం మరకలా కనబడుతుంది. కొంగ బిళ్ళ ఆకారం, అరచేతి బిళ్ళ ఆకారం ఒకలా ఉండవు.

నాటింగ్‌హామ్‌లో చేసిందా, మన దేశంలోనా అని కూడా మీరు ఫోన్లో అడిగారు. ఇక్కడ తాతయ్యగారి ఉద్యోగం మనకు సాయం చేస్తోంది. బెంగాల్‌లో అసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ ఫ్యాక్టరీ 1950ల్లో రాలీ సైకిళ్ళు చేయడం మొదలుపెట్టింది. మన ఊళ్ళలో ‘రాలీ’ అని పిలిచిన సైకిళ్ళలో చాలావాటి తల్లి అదే. 1947కి అది ఇంకా లేదు. బొంబాయిలో హింద్ సైకిల్స్ అప్పటికే ఉంది కానీ రాలీ తయారీ అక్కడ లేదు. కాబట్టి తాతయ్య నిజంగా ఉద్యోగం కొత్తలోనే కొని ఉంటే, ఈ ఫ్రేము నాటింగ్‌హామ్ నుంచి ఓడలో వచ్చిందే. ‘ఉద్యోగం కొత్తలో’ అనే మాట ఇళ్ళలో పది పదిహేనేళ్ళు సాగుతుంది, అది నాకు అనుభవం. పెట్టెలో రసీదు కోసం వెతకండి. పాతకాలపు షాపులు రసీదు మీద కంపెనీ పేరు, ఫ్రేము నెంబరు రెండూ రాసేవి. మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన సైకిలు లైసెన్సు బిళ్ళ దొరికినా దాని మీద ఏడాది ఉంటుంది. సైకిలు కనీసం ఆ ఏడాదికి ఉన్నదని అది చెబుతుంది.

నెంబరును బట్టి పుట్టిన ఏడాది చెప్పమని చాలామంది అడుగుతారు. రాలీ నెంబర్లు వరసగా నడవలేదు. ఒకే నెంబరు రెండు వేర్వేరు కాలాలకు సరిపోయేలా కనిపించిన సందర్భాలున్నాయి. నెంబరు ఒక్కటే పట్టుకుని ఏడాది చెప్పేవాళ్ళను నమ్మకండి. ఇంగ్లండులో వెటరన్ సైకిల్ క్లబ్ అని 1955 నుంచి ఉంది. ఒక్కో కంపెనీ సైకిళ్ళ గురించి లోతుగా తెలిసినవాళ్ళు అందులో ఉంటారు. రాలీ కంపెనీ కాగితాలు నాటింగ్‌హామ్‌షైర్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. నెంబరు, ఫోర్కు మెడ, లగ్గులు, బిళ్ళ బెజ్జాల ఫొటోలు అన్నీ కలిపి పంపితే ఆ క్లబ్బు వాళ్ళకు పోల్చడానికి వీలవుతుంది.

ఇప్పుడు పెయింటు. ఇది రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అయినా రాయాలి. 1988లో నేను సొంతంగా షాపు నడుపుతున్న రోజుల్లో ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు తన తండ్రి సైకిలు తెచ్చి ఇచ్చారు. “నాన్న దీన్ని మద్రాసులో కొన్నారో, బందరులో కొన్నారో తెలుసుకోవాలని ఉందయ్యా, ఏమైనా ఆనవాలు దొరుకుతుందేమో చూడు” అన్నారు. నాకు అప్పుడు మెరిసే సైకిలు అప్పగించాలన్న ఆరాటమే ఎక్కువ. ఫ్రేమును ఇసుక కొట్టే షాపుకి పంపించేశాను. తిరిగి వచ్చేసరికి ఇనుము వెండిలా తళతళలాడుతోంది. సీటు గొట్టం మీద పెయింటు పొర కింద అమ్మిన షాపువాడి చిన్న స్టిక్కరు ఉండేదని, ఒక మూల అక్షరాలు కనబడేవని ఆయన అన్నప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ షాపు పేరు, ఊరు దాని మీదే ఉండి ఉంటాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సైకిలు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు నా చేతులతో నేనే చెరిపేశాను. అప్పటినుంచి ఏ ఫ్రేమునూ ఆరు వైపులా ఫొటో తీయకుండా, ప్రతి అంగుళం భూతద్దంతో చూడకుండా పెయింటు ముట్టుకోలేదు.

కాబట్టి మీ మెకానిక్‌తో చెప్పండి: గీకుడు వద్దు, ఇసుక వద్దు. మెత్తని బట్టకు కిరోసిన్ అద్ది మసి తుడవండి. కొంచెం కొంచెంగా, చలిమిడి ముద్ద మీద వేలు పెట్టినంత మెత్తగా. సీటు గొట్టం మీద, కింద ఏటవాలు గొట్టం మీద ముఖ్యంగా చూడండి, కంపెనీ పేరు అక్కడే వేస్తారు. పైన నల్ల పెయింటు మళ్ళీ వేయించి ఉంటే దాని అడుగున అక్షరాల అంచులు ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి. కళ్ళు మూసుకుని తడిమితే కొన్నిసార్లు ఇంకా బాగా తెలుస్తాయి. బంగారు గీతలు ఎక్కడ ఉన్నా, ఎంత వెడల్పుగా ఉన్నా కాగితం మీద గీసుకోండి.

తొక్కే సైకిలు కావాలంటే కొత్త కప్పులు కొనక్కర్లేదు. పాత కప్పులనే శుభ్రం చేయించండి. బాల్సు తిరిగే దారిలో గుంటలు పడకుండా ఉంటే చాలు. పావు అంగుళం బాల్సు వైపుకు పదకొండు, మంచి గ్రీజు. ఇరుసు పాతదే ఉంచండి. బి.ఎస్.ఎ. పళ్ళచక్రాన్ని కూడా పారేయకండి. తాతయ్య దాన్ని ఏ ఊళ్ళో మార్పించారో మనకు తెలియదు గానీ, ఆయన తొక్కింది దానితోనే.

ప్రశ్న: మా ఇంట్లో మూడు గేర్ల పాత సైకిలు ఉంది. వెనక హబ్బు మీద స్టర్మీ ఆర్చర్ అని, ఎ.డబ్ల్యు. అని, కింద 55, పక్కన 8 అని ఉన్నాయి. అంటే సైకిలు 1955దేనా? వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు దానికి 32 ఉన్నాయి. ఇది ఇంగ్లండు సైకిలని దాన్నిబట్టి చెప్పవచ్చా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఎ.డబ్ల్యు. హబ్బు రకం, 55 ఏడాది, 8 నెల. అంటే హబ్బు 1955 ఆగస్టులో తయారైంది. తయారైన నెల, ఏడాది హబ్బు మీదే కొట్టి స్టర్మీ ఆర్చర్ వాళ్ళు చేసిన ఈ మంచి పని వల్ల పాత సైకిళ్ళ మీద ఇష్టమున్నవాళ్ళందరూ వాళ్ళకు రుణపడి ఉన్నారు. అయితే పైన చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది: అది హబ్బు పుట్టినరోజు. చక్రం తర్వాత మార్పించి ఉంటే ఫ్రేము అంతకన్నా పాతది కావచ్చు. ఫ్రేముతో కలిపి కొన్న చక్రమే అని ఇంట్లోవాళ్ళకు గుర్తుంటే 1955 చివర, 1956 మొదలు అనుకోవచ్చు. హబ్బు ముందు ఫ్యాక్టరీలో తయారై, తర్వాత సైకిలుకి ఎక్కి, ఆ తర్వాత ఓడలో మన దేశానికి రావాలి కదా.

పుల్లల లెక్క సాయం చేయదు. వెనక 40, ముందు 32 ఇంగ్లండు పద్ధతే గానీ, మన దేశంలో చేసిన రోడ్‌స్టర్లు కూడా అదే పాటించాయి. మీ నాన్నగారి హీరో, ఎదురింటివాళ్ళ అట్లాస్ లెక్కపెట్టండి, మీకే తెలుస్తుంది.

ఆ హబ్బును మాత్రం ఊరికే విప్పించకండి. అందులో గేరు మారడానికి చిన్న పళ్ళచక్రాల గుంపు ఉంటుంది. మధ్య గేరులో చక్రం నేరుగా తిరుగుతుంది, తక్కువ గేరులో ముప్పావు వంతే, ఎక్కువ గేరులో మూడో వంతు పెరిగి ఒకటికి ఒకటింపావు పైచిలుకు తిరుగుతుంది. హబ్బు మీద నూనె పోసే చిన్న మూత ఉంటుంది. సన్నని మిషను నూనె ఒక చెంచాడు పోసి, వారం రోజులు రోజూ కాసేపు తిప్పండి. ఎన్నో ఏళ్ళుగా మూలన పడి ఉన్న హబ్బులు ఇంత మాత్రానికే మళ్ళీ గేరు పట్టడం చూశాను.

ప్రశ్న: మా అమ్మ నర్సుగా పనిచేస్తూ 1962లో లేడీస్ సైకిలు కొనుక్కుంది. ముందు బిళ్ళ మీద హెర్క్యులిస్ అని కనబడుతోంది, మిగతా అక్షరాలు నల్లబడి చదవలేకపోతున్నాను. అది ఇంగ్లండుదని అమ్మ అంటుంది. నిజమేనా? బిళ్ళ తోమవచ్చా? వెనక మడ్‌గార్డుకి రేకు బిళ్ళ ఒకటి బిగించి ఉంది, అదేమిటో తెలియదు.
— ఒక పాఠకురాలు, కరీంనగరు

జవాబు: అమ్మా, మీ అమ్మగారి మాటలో పేరు వరకు నిజం ఉంది. హెర్క్యులిస్ 1910లో బర్మింగ్‌హామ్‌లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన కంపెనీ. 1946లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ దాన్ని తీసుకుంది. ఆ సంస్థే మద్రాసు మురుగప్ప వారితో కలిసి 1949లో అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ పెట్టింది. 1962లో కరీంనగరులో కొత్తగా కొన్న హెర్క్యులిస్ అంబత్తూరుదే అయి ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఖాయం చేయాల్సింది బిళ్ళ అంచున ఉన్న చిన్న అక్షరాలే: బర్మింగ్‌హామ్ అని ఉందా, మద్రాసు అని ఉందా. అంబత్తూరుదైతే విలువ తక్కువని అనుకోకండి. ఒక నర్సమ్మ ఆ రోజుల్లో సొంత జీతంతో కొనుక్కుని, ఆ ఊళ్ళో సైకిలు మీద డ్యూటీకి వెళ్ళిందంటే, ఆ సైకిలు ఎక్కడ తయారైనా నాకు దాన్ని చూడాలని ఉంది.

బిళ్ళను చింతపండుతో గానీ, నిమ్మకాయతో గానీ, గిన్నెలు తోమే పొడితో గానీ తోమవద్దు. ఇత్తడి మెరుస్తుంది గానీ అక్షరాల మధ్య నింపిన రంగు పోతుంది. రంగు పోయాక పల్చటి అక్షరాలు అసలు కనబడవు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు షాంపూ వేసి, దూదితో అద్ది అద్ది తీయండి. ఆరాక సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వేసి ఫొటో తీసి పంపండి. బిళ్ళను మాత్రం ఫ్రేము నుంచి ఊడదీయకండి.

మడ్‌గార్డుది సైకిలు లైసెన్సు బిళ్ళ అయి ఉంటుంది. అప్పట్లో ఏటా పన్ను కట్టి తీసుకోవాలి. దాని మీద ఊరి పేరు, ఏడాది, నెంబరు ఉంటాయి. తుప్పు పట్టి ఉంటే గోరుతో కూడా గీకకండి. కొబ్బరినూనె రాసి రెండు రోజులు అలా వదిలేసి, పాత బనీను గుడ్డతో తుడిస్తే అక్షరాలు బయటపడతాయి. దాని మీద 1962 కనబడితే వెంటనే అమ్మగారికి చూపించండి, ఆ తర్వాత నాకు రాయండి.